తెర అంచున బొట్టుబిళ్ళలు

మా ఆయన పోయాక ఇంట్లో మూడు ప్యాకెట్ల బొట్టుబిళ్ళలు మిగిలాయి. పారేయబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి ఆఫీసు కంప్యూటరుకు అంటించాను. ఇది రాసిపెడుతున్న పిల్ల నవ్వుతోంది. ఢిల్లీలో, కటవారియా సరాయ్‌లో మా పైగదిలో ఉండి పరీక్షలకు చదువుకుంటోంది. నవ్వడం తర్వాత, ముందు రాయమ్మా.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. వచ్చిన ఉత్తరాలు తీసుకుని ముద్ర వేసి లోపల ఇవ్వడం పని. ఆయన పోయాక జాలిపడి ఆ చోటే నాకిచ్చారు. ఏటేటా పొడిగిస్తేనే ఉంటుంది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు ముక్క రాదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కరోనాకు అందరూ ఇళ్ళలో కూర్చున్నారు. ఉత్తరాలు మాత్రం ఆఫీసుకే వచ్చేవి. వాటిని యంత్రంలో పెట్టి ఫోటో తీసి మా సెక్షన్ ఆఫీసరుగారికి పంపాలి. గుంటూరు వైపాయన, ఇక్కడే ఢిల్లీ ద్వారకలో ఇల్లు. ఎవరి ఉత్తరం వాళ్ళకు ఆయనే పంచేవారు. క్లర్కు అమ్మాయి ఒకతె ఫోన్లో చెబుతుంటే, నొక్కాల్సిన బొమ్మల కింద తెర అంచున బొట్లు పెట్టుకున్నాను. ఎర్రది ఫోటోకు, పచ్చది పంపడానికి. పంపగానే తెర మీది పెట్టె మూసుకునేది. అంత పెద్ద హాల్లో నేనొక్కదాన్నే. “నువ్వు రాకపోతే ఈ ఆఫీసు లేదమ్మా” అనేవారు సారు ఫోన్లో. ఆ మాట పట్టుకునే బతికాను.

తర్వాత అందరూ రోజూ ఆఫీసుకు రావాల్సిందేనని ఆర్డరు వచ్చింది. కుర్చీలు నిండాయి. నేను ఎవరి కంటికీ ఆనడం మానేశాను. ఉత్తరాలు మాత్రం అలవాటైందని కంప్యూటరులోనే పంపమన్నారు.

కొన్నాళ్ళకు కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ మార్చారు. పైకి కంప్యూటరు అదే, లోపల ఇల్లు వేరు. మార్చడానికి వచ్చిన మనిషి “సబ్ వహీ హై, ఆంటీ” అని వెళ్ళిపోయాడు. అంతా అదే ఎక్కడ? ఇదివరకు బొమ్మలు ఒక మూల నుంచి కదలకుండా ఉండేవి. ఇప్పుడు మధ్యలో గుంపుగా ఉన్నాయి. బొట్లు పీకి వాటి కింద అంటించుకున్నాను. కానీ ఒకటి తెరిస్తే మిగతావన్నీ పక్కకు జరుగుతాయని నాకు తెలియదు. బొమ్మ జరిగింది, బొట్టు జరగలేదు. నేను బొట్టునే నమ్మాను. పచ్చదాని పైన నొక్కితే, అక్కడికి జరిగొచ్చిన వేరే బొమ్మ తగిలి తెర మీది పెట్టె మూసుకుంది. వెళ్ళిపోయిందనుకున్నాను.

నాలుగు రోజుల ఉత్తరాలు ఎక్కడికీ వెళ్ళలేదు. అందులో ఒకటి కోర్టుది. వాయిదా దాటిపోయింది.

సారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అన్నేళ్ళలో ఆయన నా బల్ల దాకా రావడం అదే మొదలు.

“నీకు ఇంగ్లీషు రాదామ్మా?”

“రాదు సార్.”

“మరి ఇన్నాళ్ళూ ఎట్టా చేశావ్?”

బొట్లు చూపించాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. వంగి, పచ్చబొట్టును వేలితో తాకి చూశారు.

“తప్పు నీదని రాయకపోతే నాదవుద్దమ్మా” అన్నారు మెల్లగా.

“రాయండి సార్” అన్నాను. ఇంకేమనను? ఆయనకీ పిల్లలున్నారు.

ఆ ఏడు పొడిగించలేదు. మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు, ఊడ్చే పని ఉంటే ఫోను చేస్తానన్నాడు. చేయలేదు. చివరి రోజు బొట్లు గోటితో గీకేశాను. జిగురు మరకలు పోలేదు. తడిగుడ్డతో తుడుస్తుంటే, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి పక్కనే నిలబడి, “రహనే దో ఆంటీ, దేర్ హో రహీ హై” అంది. వదిలేయాలట, ఆలస్యమవుతోందట. లేచాను.

ఒక ప్యాకెట్టు ఇంకా విప్పకుండా ఉంది. రాసిపెడుతున్న ఈ పిల్లకు ఇస్తానంటే వద్దంది, తను పెట్టుకోదట. మళ్ళీ డబ్బాలోనే పెట్టేశాను.