మందు ఎవరి కోసమని అడిగిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు ఛత్రపూర్‌లో, ఆఫీసులో ఉండగా తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోనాది. గుండె ఆగిపోనాదంట. పాప పక్కనే కూకుంది, లెగమంటే లెగట్లేదు" అన్నారు. బస్సులో బరంపురం వస్తున్నంతసేపూ అత్త మొహం కంటే మా అమ్మాయి మొహమే ఎక్కువ గుర్తొచ్చింది.

అత్త గేట్ బజార్‌లో ఎండుచేపలు అమ్మేది. మధ్యాహ్నం హల్దియాపదర్‌లోని మా ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని మనవరాలి దగ్గర కూర్చునేది. మా పాపకు మాటలు సరిగా రాలేదు. వచ్చిన కొద్ది మాటలే అత్తకు చాలు. నెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు, ఎండురొయ్యలు కలిపేసి ముందు పోసేది. పాప ఓపిగ్గా వేరుచేసేది. అయ్యాక అత్త మళ్ళీ కలిపేసేది. ఇద్దరూ ఒకటే నవ్వు.

పన్నెండో ఏడు వచ్చాక పాప తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. బడివాళ్ళు పంపొద్దన్నారు. డాక్టరు ఒక మాత్ర రాశారు. పెట్టెలోని కాగితం చదివితే, లేని గొంతులు వినిపించే పెద్దవాళ్ళకు ఇచ్చే మందని ఉంది. అడిగితే ఆయన దాచలేదు.

"మునుపు ఎక్కువగా పెద్దవాళ్ళకే రాసేవాళ్ళం. ఇప్పుడు పిల్లలకూ బాగానే రాస్తున్నాం. అల్లరికీ నిద్రకీ కూడా రాసేవాళ్ళున్నారు, అది నాకు నచ్చదు. మీ పాప తనను తానే గాయపరుచుకుంటోంది కాబట్టి రాస్తున్నాను. బరువు చూసుకోవాలి, రక్తపరీక్షలు చేయించాలి."

మాతో వచ్చిన అత్త అంతా విని, "బాబూ, ఈ మందు మా గుంట కోసమా, మా కోసమా?" అంది.

డాక్టరు, "ఇద్దరి కోసమూ అమ్మా" అన్నారు.

మందు పనిచేసింది. నుదుటి గాయం మానింది. కానీ పాప ఒళ్ళు చేసింది. ఎంత తిన్నా ఆకలే, తిన్నాక నిద్రే. నెత్తళ్ళు ముందు పోస్తే చూస్తూ కూర్చునేది.

"పిల్ల నవ్వు ఎటెల్లిపోనాదే?" అంది అత్త ఓ రోజు.

"దెబ్బలు తగ్గాయి కదత్తా."

"తగ్గాయి. కాదన్నానేటి? నవ్వేటైనాదని అడుగుతున్నాను."

ఆ మందు వద్దంది అత్త. ఉన్నట్టుండి ఆపకూడదని చెప్పి డాక్టరు మోతాదు మెల్లగా తగ్గించారు. నవ్వు తిరిగి వచ్చింది. ఓ పొద్దున కుక్కర్ కూతకు పాప బెదిరిపోయి అత్తను తోసేసింది. అత్త మణికట్టు విరిగింది. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని, "మందు పెంచమని సెప్పు" అంది.

"వద్దన్నది నువ్వే కదత్తా?"

"అప్పుడు సెప్పిందీ నిజమే, ఇప్పుడు సెప్తున్నదీ నిజమే. నా సెయ్యి ఇరిగినందుక్కాదు. నన్ను తోసేసి తనే బయపడి మల్లీ గోడకాడికెల్లింది. అది నేను సూడలేను."

డాక్టరు మధ్యస్థంగా ఒక మోతాదు దగ్గర నిలిపారు. కొన్నాళ్ళు నవ్వేది, కొన్నాళ్ళు లేదు. అది మందు వల్లో, వయసు వల్లో మాకెప్పుడూ తెలియలేదు. ఏది మంచిదో ఎవరైనా తేల్చి చెబితే బాగుండునని నేను ఎదురుచూసేదాన్ని. అత్త తేల్చలేదు. తెలిసినట్టు నటించనూ లేదు. నేను తడబడుతుంటే తోడుగా తనూ తడబడింది. మీలో ఎవరింట్లోనైనా పిల్లలకిచ్చే ఇలాంటి మాత్ర ఉంటే, అదెంత పెద్ద సాయమో మీకు అర్థమవుతుంది.

నేను ఇల్లు చేరేసరికి అందరూ ఏడుస్తున్నారు. పాప కళ్ళు పొడిగా ఉన్నాయి. "ఈ గుంటకేటి తెలుస్తాది" అంది చుట్టాలావిడ. నిజంగా తెలియలేదా? తెలిసినా దుఃఖం బయటికి రావడం లేదా? మాత్ర లేకపోతే ఏడ్చేదా, లేక గోడ దగ్గరికి వెళ్ళేదా? ఇదివరకైతే అత్తను అడిగేదాన్ని. ఆ సాయంత్రం కూడా మాత్ర ఇచ్చాను. పాప మింగింది.

పెద్దకర్మ అయ్యాక అత్త చీరలు ఉతికి డాబా మీద ఆరేశాను. పాప పైకి వెళ్ళి వాటి మధ్య నిలబడింది. పిలిచాను, తిరగలేదు. తడిచీర గాలికి లేచి తన మొహం మీద పడుతోంది, జారిపోతోంది, మళ్ళీ పడుతోంది. తను దాన్ని పక్కకు తీయలేదు.