కొండ బంగళాకు వచ్చిన అన్న

మా చేను శ్మశానానికి ఆనుకుని ఉండేది. చేలో వేరుశనగ ఉన్నన్నాళ్ళూ నాయనా నేనూ రాత్రిళ్ళు మంచె మీదే పడుకునేవాళ్ళం. నక్కలూ, అడవిపందులూ తప్ప నాకక్కడ ఏమీ కనిపించలేదు. అందుకే ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాణ్ణి. అలాంటి నేనే ఇప్పుడు ఇది చెబుతున్నాను. దీన్ని దయ్యం కథ అనడానికి కూడా నాకు నోరు రాదు.

అవి యుద్ధం రోజులు. జపానువాళ్ళు బర్మాలోకి వచ్చిన ఏడాది. నేనూ, మునిరత్నం, జాకబ్ చిత్తూరు హైస్కూల్లో కలిసి చదువుకుని, అప్పటికి తలా ఒక చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాం. మునిరత్నానిది చంద్రగిరి దగ్గర పల్లె. వాళ్ళన్న నారాయణ రంగూన్‌లో ఒక చెట్టియారు కొట్టులో గుమాస్తాగా ఉండేవాడు. నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. రంగూన్ మీద బాంబులు పడినప్పటి నుంచి అతని దగ్గర నుంచి కబురు లేదు. జనం అడవుల్లో పడి నడిచి వస్తున్నారనీ, దారిలోనే చాలామంది పోతున్నారనీ వింటున్నాం. ఇంట్లో అతని భార్య రుక్మిణమ్మ, జబ్బుపడిన తండ్రి ఉన్నారు. మునిరత్నం తిండి సరిగా తినక సగమైపోయాడు.

వాణ్ణి కొన్నాళ్ళు ఎక్కడికైనా తీసుకుపోదామన్నాడు జాకబ్. వాళ్ళ మేనమామ అడవి శాఖలో పనిచేసేవాడు. ఆయన పుణ్యమా అని భాకరాపేట అవతల కొండ మీది బంగళాలో మాకు చోటు దొరికింది. దొరలు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టిన ఇల్లు అది. రెండు గదులు, ముందు వరండా, పక్కన వంటపాక. పైకి ఒకటే దారి. ఇంటి వెనక ఉత్త బండ, బండ దాటితే లోయ. గంగులయ్య అనే కాపలాదారు వంట చేసి పెట్టేవాడు.

కార్తీకమాసం. మేం వెళ్ళిన మర్నాడు పొద్దున్నుంచే సన్నతుంపర పట్టుకుంది. మధ్యాహ్నం ఊరిబిండి నంజుకుని సంగటి తిని వరండాలో కూర్చున్నాం. గంగులయ్య గుడ్లు తెస్తానని కింద పల్లెకు దిగిపోయాడు. మంచు ఎంత కమ్ముకుందంటే, ముంగిట్లో ఉసిరి చెట్టు కూడా మసగ్గా కనిపిస్తోంది.

ఆ మంచులోంచి ఒక మనిషి దారి వెంబడి పైకి వచ్చాడు. పంచె, నల్ల కోటు, వట్టి కాళ్ళు. నెమ్మదిగా నడిచి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరో బాటసారి అనుకున్నాను నేను.

మునిరత్నం లేచి నిలబడ్డాడు. “అన్నా!” అన్నాడు.

ఆయన తలెత్తి నవ్వి, “రొంత నీళ్ళియ్యండప్పా” అన్నాడు నా వైపు చూసి.

నేనే లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. గటగటా తాగాడు. ఖాళీ చెంబు నా చేతికే తిరిగి ఇచ్చాడు. అప్పటికి మునిరత్నం ఆయన పక్కన కూలబడి ఏడుస్తున్నాడు.

“యాడ నుంచి వస్తాండావన్నా? ఇంటికి పోయినావా? మేము ఈడుండేది నీకెవరు చెప్పినారు?”

ఆయన వాడి వైపు తిరిగాడు. “నాయనకు దగ్గు తగ్గిందా అబ్బోడా?” అని అడిగాడు.

“తగ్గలేదన్నా.”

“మీ వదినకు ఎవురూ లేరు. నువ్వే సూసుకోవల్ల. నేనింక రాలేను.”

“వచ్చినావు గదన్నా! ఎదురుగా కూసోని, రాలేనంటావేమి?”

ఆయన వాడి తల మీద చెయ్యి పెట్టాడు. “కాళ్ళు కడుక్కోని వస్తా” అంటూ లేచి ఇంటి పక్కగా వెనక్కు వెళ్ళాడు. మునిరత్నం ఆ వెంటే వెళ్ళాడు. వాడు మూల తిరిగాడో లేదో కేక వినబడింది. మేం పరిగెత్తాం. బండ మీద ఎవరూ లేరు.

లోయలో పడిపోయాడేమోనని చీకటి పడేదాకా పిలుస్తూ వెతికాం. ఈలోగా గంగులయ్య వచ్చాడు. దారిలో తనకు ఎవరూ ఎదురుపడలేదన్నాడు. మర్నాడు ఎండ వచ్చాక లోయలోకి దిగి పొదలన్నీ గాలించాం. గుడ్డపేలిక కూడా దొరకలేదు. అప్పుడు జాకబ్ నాతో మెల్లగా అన్నాడు. “ఆయన కోటు సూసినావా? వానలో వచ్చిన మనిషి, కోటు తడవలేదు.”

నేనది గమనించలేదు. కానీ చెంబు ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. మామూలు మనిషి చేతిలాగే వెచ్చగా ఉన్నాయి.

కొండ దిగేటప్పుడు మునిరత్నం దారిలో ఆగి, “మా అన్న పోయినాడు. చెప్పేదానికి వచ్చినాడు” అన్నాడు.

“మనం సూసింది ఏందో మనకే తెలీదు” అన్నాడు జాకబ్. “ఇంట్లో చెప్తే ఏమయితాదో ఆలోచించు.”

“చెప్పనప్పా. చెప్తే రేపే వదిన బొట్టు తీసేస్తారు.”

వాడు చెప్పలేదు. తర్వాత వచ్చిన అమావాస్యకు మాత్రం నన్ను వెంటబెట్టుకుని స్వర్ణముఖికి వెళ్ళి, మునిగి, అన్న పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. ఇంటికి పోయి వదిన పెట్టిన అన్నం తలొంచుకుని తిన్నాడు. ఆమెతో మాట్లాడటం తగ్గించేశాడు.

ఎండాకాలంలో నారాయణ తిరిగి వచ్చాడు.

కబురు విని పరుగున వెళ్ళాను. ఇంటి నిండా జనం. తల గొరిగించుకుని, ఎముకలు తేలి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కొండ మీద చూసిన ముఖమే. ఆయన మాత్రం నన్ను గుర్తుపట్టలేదు. కార్తీకంలో ఎక్కడ ఉన్నారని అడిగాను.

“అస్సాంలో, ఆస్పత్రిలో. జ్వరంతో నాకేమీ తెలీదు. పాణం పోయిందనుకోని నన్ను పీనుగలతోపాటు బయట పండబెట్టినారంట. తెల్లారి కదిలితే మళ్ళ లోపలికి మోసుకొచ్చినారంట.”

అందరూ దేవుణ్ణి తలచుకున్నారు. మునిరత్నం లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాడు అన్నతో ఒక పంక్తిలో కూర్చోలేకపోయాడు. కొన్నాళ్ళకు గూడూరులో పని వెతుక్కుని అక్కడే ఉండిపోయాడు. తండ్రి పోయినప్పుడు తప్ప ఆ ఇంటి గడప తొక్కలేదు. బతికున్న అన్నకు నువ్వులు వదిలానన్న బాధ అనుకున్నాను నేను. అదే అడిగితే తల అడ్డంగా ఊపాడు.

“అది కాదప్పా. ఆ పొద్దు కొండ మీద నా తల మీద చెయ్యి పెట్టింది మా అన్న. అది నాకు తెలుసు. ఇంట్లో ఉండేది ఎవురో నాకు తెలీదు.”

పిచ్చి మాటలు మాట్లాడొద్దని కసిరాను.

నారాయణ చాలా ఏళ్ళు బతికాడు. ఊళ్ళోనే చిన్న అంగడి పెట్టుకున్నాడు. పిల్లలు పుట్టారు. ఎవరితోనూ మాట పడని మనిషి. ఆయన పోయాక నేను రుక్మిణమ్మను పలకరించడానికి వెళ్ళాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. మరిది ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదో నీకు తెలుసు గదా అని అడిగింది. పని ఒత్తిడి అని ఏదో చెప్పబోయాను.

“దాపెట్టద్దు నాయనా. వాడికి తెలిసినట్టే నాకూ తెలిసింది, ఈయన ఇంటికి వచ్చిన పొద్దే. నేను మా ఆయనతో ముందు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా?”

కొండ సంగతి ఆమెకు మేం ముగ్గురమూ ఎన్నడూ చెప్పలేదు.

ఆమె పమిటతో ముఖం తుడుచుకుంది. “వచ్చినాయన ఎవురైనా కానీ, నన్ను బాగా సూసుకున్నాడు” అంది.

ఇంకేమీ అడగలేక లేచి వచ్చేశాను. ఇప్పుడు మునిరత్నమూ లేడు, జాకబూ లేడు, రుక్మిణమ్మా లేదు. నేను నీళ్ళిచ్చింది ఎవరికో, ఆ ఇంట్లో అన్నేళ్ళు బతికింది ఎవరో, ఇద్దరూ ఒకరేనో కాదో, ఈనాటికీ నాకు తెలియదు.