చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆకుపచ్చ మార్కరు

చోవా చూ కాంగ్‌లో ఉంటూ చాంగీ బిజినెస్ పార్క్‌కి ఇంటర్వ్యూకి వెళ్లడమంటే సింగపూర్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడమే. సరదాగా వెళ్లే ప్రయాణం కాదిది. నేను డేటా ఇంజినీర్ని. ఎక్కడెక్కడో పుట్టే సమాచారాన్ని పోగుచేసి, శుభ్రం చేసి, వేళకి కావలసిన చోటికి చేర్చడం నా పని. పాత కంపెనీ మా జట్టు మొత్తాన్ని ఒక్క వీడియో కాల్‌లో ఇంటికి పంపేసింది. ఉద్యోగం పోయినవాళ్లు ఈ దేశంలో ఉండడానికిచ్చే గడువులో నాకింకా రెండు వారాలే మిగిలాయి. ఈలోగా వేరే పని దొరికితే ఉంటాను, లేకపోతే నాలుగేళ్ల బతుకు సూట్‌కేసులో సర్దుకుని విమానం ఎక్కుతాను. ఇదే కారణంతో ఇదే దారిన వెళ్లబోయేవాళ్లు చాలామందే ఉంటారని తెలుసు. వాళ్లకోసమే ఇది.

రెండు దారులున్నాయి. జురాంగ్ ఈస్ట్ మీదుగా వెళ్తే తానా మేరాలో మళ్లీ రైలు మారాలి, పొద్దున్న నిలబడడానికి కూడా చోటుండదు. నేను చిన్న రైల్లో బుకిత్ పంజాంగ్ వెళ్లి, అక్కడ నుంచి ఎక్స్‌పో దాకా డౌన్‌టౌన్ లైన్ పట్టుకున్నాను. లైను మొదట్లోనే ఎక్కుతాం కాబట్టి సీటు ఖాయం. గంటన్నర పడుతుంది, ఛార్జీ మూడు డాలర్ల లోపే. టాక్సీ అయితే నలభై దాకా అవుతుంది, ఉద్యోగం ఉన్నవాళ్లు ఎక్కండి. ఏడున్నరకి బయల్దేరుతుంటే మా ఇంటి ఓనరు మలర్ ఆంటీ గుమ్మం దాకా వచ్చి ఒక టిష్యూ ప్యాకెట్ చేతిలో పెట్టింది. "ఎడుత్తుక్కో మా. అక్కడ ఫుడ్‌కోర్టులో మధ్యాహ్నం సీటు దొరకదు, ముందే చోప్ చెయ్యి," అంది తమిళంలో. సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు మనది, అదే చోప్. ఈ ఊళ్లో ఎవరూ రాయని చట్టం, ఎవరూ దాటని చట్టం. ఆంటీ దగ్గర గది అద్దెకి తీసుకుని నాలుగేళ్లు. నాకు తమిళం వచ్చింది ఆవిడ వంటింట్లోనే.

రైల్లో అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. ఎదురు వరసలో ముగ్గురు ఫోన్లలో పాఠాలు వింటున్నారు. ఒకమ్మాయి తెర మీద కనిపించిన కోర్సు నేను పోయినేడాది పూర్తిచేసిందే. సర్టిఫికెట్ కూడా వచ్చింది, ఎవరూ అడగలేదు. నేర్చుకోవడం ఆపితే వెనకబడిపోతారని ఈ రంగంలో అందరూ అంటారు. నేను ఆదివారాలు కూడా ఆపలేదు. ఆపనివాళ్లు ఎక్కడికి చేరతారో మాత్రం ఎవరూ చెప్పరు. బహుశా ఎక్స్‌పో స్టేషన్‌కి.

అక్కడ దిగి బయటికొస్తే పది నిమిషాల నడక. తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది, కాబట్టి కోటు తొడుక్కోకండి, చేత్తో పట్టుకోండి. దారి పొడవునా మెడలో కార్డులు వేసుకున్న జనం. వాళ్ల మధ్య కార్డు లేకుండా నడుస్తుంటే చెప్పుల్లేకుండా నడిచినట్టుంటుంది. కంపెనీ పేరు రాయను. మేనేజర్ రేమండ్ చాలా మర్యాదస్థుడు. నీళ్లిచ్చి, నవ్వి, "ఆన్‌లైన్లో అయితే అందరికీ ఏఐ జవాబులు అందిస్తోంది. మిషన్ సాయం లేకుండా మీకేం వచ్చో చూద్దామని పిలిచాం," అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత ఒక సమస్య చెప్పాడు. మూడు దేశాల శాఖల నుంచి వచ్చే లావాదేవీలు ఏ రోజువి ఆ రోజు లెక్కలో చేరాలి, రెండుసార్లు పడకూడదు, ఆలస్యంగా వచ్చినవి పోకూడదు. నల్ల మార్కరు ఎండిపోయింది. ఆకుపచ్చదే దొరికింది. గంటన్నర పాటు బోర్డు నిండా పెట్టెలూ బాణాలూ గీశాను. రేమండ్ అడిగిన ప్రతి ప్రశ్నా పదునుగా ఉంది. ఇలాంటి మనిషి దగ్గర పనిచెయ్యాలి అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. చివర్లో "ఎక్సలెంట్" అంటూ బోర్డుని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. ఫైల్లో పెట్టడానికన్నాడు.

లిఫ్ట్‌లో దిగుతుంటే గుర్తొచ్చింది. మూడో పెట్టె దగ్గర తప్పు చేశాను. మా మిషన్లన్నీ గ్రీన్‌విచ్ గడియారం ప్రకారం సమయం రాసుకుంటాయి, సింగపూర్ దానికి ఎనిమిది గంటలు ముందుంటుంది. ఆ తేడా కలపకుండా తేదీ తీసుకుంటే, అర్ధరాత్రి దాటాక పొద్దున్న ఎనిమిది దాకా జరిగినవన్నీ నిన్నటి లెక్కలో పడిపోతాయి. కొత్తవాళ్లు చేసే తప్పు. రేమండ్‌కి మెయిల్ రాసేద్దాం, తప్పు తనే పట్టుకుంది అనుకుంటారు అని ధైర్యం చెప్పుకుంటూ కింద ఫుడ్‌కోర్టుకి వెళ్లాను.

పన్నెండయ్యేసరికి ప్రతి బల్ల మీదా ఒక మెడ కార్డు. ఈ పార్కులో చోప్ చేసేది వాటితోనే. మూల బల్ల మీద నా టిష్యూ పెట్టి వరసలో నిలబడ్డాను. స్టాల్ అంకుల్‌ని తమిళంలోనే అడిగాను. అన్నం, రెండు కూరలు, ఆరు డాలర్లు. "ఇంటర్వ్యూవా? రసం ఫ్రీ మా," అన్నాడాయన నా కోటు చూసి. నా వెనకే ఉన్న ఇద్దరు మగవాళ్లు కాసేపటికి పళ్లేలతో నా బల్ల దగ్గరికొచ్చి "కెన్ షేర్, సిస్టర్?" అన్నారు. తలూపాను. నేను మెయిల్ టైప్ చేస్తున్నాను. నా తమిళం విన్నారు కదా, ఇక తెలుగులో నిశ్చింతగా మాట్లాడుకున్నారు.

"ఇగో, రేమండ్ పంపిండు చూడు," అన్నాడు పెద్దతను, ఫోన్ బల్ల మీద పెడుతూ. "పొద్దుగాల వచ్చినామె గీసిందంట."

ఫోన్‌లో ఆకుపచ్చ బాణాలు. నావి.

"అబ్బో, భలే గీసిందన్నా!" అన్నాడు చిన్నతను. "పోయిన వారం ఇంటర్వ్యూకి వచ్చినాయన సగం చెప్పాడు, ఈవిడ మిగతాది ఇచ్చేసింది. ఫోటో ఏఐకి పెట్టేస్తే కోడ్ అదే రాసేస్తది."

"మండే దాక టైమ్ ఉంది నీకు. జల్ది పెట్టు."

"మరి ఆవిడకి జాబ్ ఇస్తారా అన్నా?"

"జాబేడిదిరా? కొత్తోళ్లని తీసుకునుడే లేదు వచ్చే ఏడాది దాక. ముందు నీ వర్క్ పాస్ రెన్యువల్ సంగతి చూస్కో. రసం తాగు, సల్లగైతది."

రసం నేనూ తాగాను. నిజంగానే చల్లారిపోయింది. పళ్లెం తీసుకెళ్లి వాపసు చేసే చోట పెట్టి తలుపు దాకా వెళ్లాను. వెనక నుంచి చిన్నతను పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, యువర్ టిష్యూ!"

"థాంక్స్ తమ్ముడూ," అన్నాను.

అతని మొహంలో రంగు మారింది. "అక్కా... మీరు... ఆ బోర్డు..."

"నాదే."

"అయ్యో. అక్కా, మాదేం లేదక్కా, పైనుంచి..."

"ఓపెనింగ్ ఉందా లేదా? అది చెప్పు చాలు."

అతను నేల చూశాడు. "లేదక్కా." వెళ్తాడనుకుంటే వెళ్లకుండా, మెల్లగా అన్నాడు. "ఏమనుకోకపోతే ఒక డౌట్ అక్కా. ఆ మూడో పెట్టె దగ్గర తేదీ ఎక్కడ నుంచి తీసుకుంటున్నారు?"

నవ్వొచ్చింది. వీడికి పని వచ్చు. తప్పు ఉన్న చోటే వేలు పెట్టాడు, ఏముందో తెలియలేదంతే. "మెయిల్ చేస్తాలే," అని వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో ఎక్స్‌పోలో ఖాళీ రైలు దొరుకుతుంది. ఆ గంటన్నరలో నా కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. రేమండ్ మీదంటే, అతను నాకు నీళ్లిచ్చాడు, వినడం వచ్చినవాడిలా విన్నాడు. దొంగతనానికి అంత శ్రద్ధ అవసరమని నాకు ఇప్పుడే తెలిసింది. మిషన్ మీదంటే, అది ఎవర్నీ పిలిచి కుర్చీ వెయ్యలేదు. మిషన్ సాయం లేకుండా చూస్తామన్నది మనుషులు, చూసింది తీసుకెళ్లి మిషన్‌కి పెట్టేదీ మనుషులే. ఆ ఎనిమిది గంటల సంగతి చెప్పకపోతే లెక్క తప్పేది ఆ కంపెనీది, మాట పడేది రేమండ్ కాదు, పాస్ రెన్యువల్ కోసం చూస్తున్న ఆ తమ్ముడు. చెప్తే, బోర్డులో మిగిలిన ఆ ఒక్క ముక్క కూడా ఊరికే ఇచ్చేసినదాన్నవుతాను. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. పంపలేదు, తీసెయ్యలేదు. సోమవారం ఇంకా రాలేదు.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. ఇంటర్వ్యూలో బోర్డు మీద గీసింది, గదిలోంచి బయటికొచ్చే ముందే మీ చేత్తో మీరే తుడిచెయ్యండి, వాళ్లు ఫోన్ తీసేలోపు. డస్టర్ కనిపించకపోతే టిష్యూ చాలు.