బర్మా వంటమనిషి, భీమిలి పెద్దమ్మ

దయ్యాలు, మహిమలు అంటే వేళాకోళం చేసే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

విశాఖ పోర్టుకు వచ్చే ఓడల సిబ్బంది మంచిచెడ్డలు చూడడం నా ఉద్యోగం. మొన్న వేసవిలో ఒక ఓడలోని బర్మా వంటమనిషి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. పరాయి దేశస్థుడు, ఆధార్ లేదు. ఎక్కడ తిప్పి పంపేస్తారోనని దారి పొడవునా భయపడుతూనే ఉన్నాను. డాక్టరమ్మ మాత్రం కాగితాలు తర్వాత చూద్దామని వెంటనే మంచం ఇప్పించింది. ఆవిడ చల్లగా ఉండాలి.

అపెండిక్స్. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, సాయంత్రం దాటితే కష్టమన్నారు. అతను ఒప్పుకుంటేగా. సైగ చేసి చెప్పేసరికి హడలిపోయి సెలైన్ సూది పీకేసుకున్నాడు. ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. నా ఫోను అతని భాషలో ఏం చెప్పిందో గానీ ఇంకా బెదిరిపోయాడు.

సర్కారు ఆసుపత్రిలో పేషెంటుకు తోడు మనిషి ఉండాల్సిందే. ఇతనికెవరున్నారు? నేను ఓడకు ఫోన్ చేద్దామని వార్డు గుమ్మం దగ్గరకు వెళ్లాను. పక్క మంచం ముసలాయన భార్య, భీమిలిలో చేపలమ్మే పెద్దమ్మ, స్టూలు జరుపుకుని అతని దగ్గర కూర్చుంది. ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు. కాసేపటికి అతను కళ్లు తుడుచుకుని సూదికి చెయ్యి చాపాడు.

బతికాడు. ఆసుపత్రివాళ్లు పైసా తీసుకోలేదు.

తర్వాత ఓడలోని బర్మా ఆఫీసరు ఫోనులో అతని మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తల్లి అతని ఊరి భాషలోనే మాట్లాడిందట. ఆవిడ కొడుకూ ఇలాగే ఆపరేషన్‌కు భయపడి ఆసుపత్రి నుంచి పారిపోయి చనిపోయాడట. నువ్వలా చెయ్యకు నాయనా అందట.

బర్మా భాష ఎక్కడ నేర్చుకున్నావని పెద్దమ్మను అడిగాను.

"నాకేటొచ్చు బాబూ? ఆ బాబే తెలుగు మాటాడినాడు, అచ్చం మా ఊరోళ్లలాగ. నీ కొడుకు పేరేటమ్మా అని అడిగినాడు, సెప్పినాను. నువ్వా ఫోనట్టుకుని ఎందుకు తిరిగినావో నాకు తెలీనేదు."

ఆ కొడుకు పేరేమిటని ఆఫీసరు చేత అతణ్ని అడిగించాను. తడుముకోకుండా సరైన పేరే చెప్పాడు. తెలుగులో నీళ్లు అడగడం కూడా రాదతనికి.

ఆ పెద్దమ్మకీ, డాక్టరమ్మకీ, ఆ ఆసుపత్రికీ రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. ఆఫీసరు చెప్పకముందే ఆ కొడుకు సంగతి నాకు తెలుసు. గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాను, ఏడ్చాను కూడా.

ఏ భాషలో విన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.