ఆఖరి స్టేజీలో వెనక్కి తిరిగేవాడు

నిన్న పొద్దున కర్నూలు బస్టాండులో టీ తాగుతుంటే కువైట్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

మార్తక్క, ఇమ్మానుయేలు వాళ్ళ అక్క. "సీనా, తమ్ముడు పాయనే" అని మాత్రం అనింది. తర్వాత ఏడుపే.

మా ఇమ్మానుయేలు లేడు. నమ్మబుద్ధి కాలేదు. పోయిన వారమే ఫోన్‌లో దగ్గుతూ దగ్గుతూ నన్ను గంటసేపు తిట్టాడు, చూడ్డానికి రాలేదని.

ఈ వారం వద్దామనుకున్నాను రా.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కడపలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో వాడు కటింగ్ మెషిన్ మీద, నేను లారీ లోడింగ్ దగ్గర. ఆరేళ్ళు కలిసి పనిచేశాం. రాతిదుమ్ము వాడి ఊపిరితిత్తులు తినేసింది. ముప్పై మూడేళ్ళు. అంతే.

నిన్న సాయంత్రం వాళ్ళ ఊరు వేంపల్లెలో సమాధుల తోటలో వాడి మీద మట్టి వేసి చేతులు దులుపుకుంటుంటే, వాడి సొంత మేనమామ నా పక్కనే నిలబడి అన్నాడు: "ఏం సాధించినాడప్పా వీడు? ఆ డబ్బా ఆట గూడ గెలిచేకి చేతకాల్యా."

పెద్దాయన, దుఃఖంలో ఉన్నాడు అని నోరు మూసుకున్నాను. రాత్రంతా నా మీద నాకే మంట. అందుకే ఈ పొద్దు కడపలో నెట్ సెంటర్‌కు వచ్చి కూర్చున్నా. ఆయన చదవడు. మీరైనా చదవండి.

ఆ డబ్బా ఆట సంగతి.

మార్తక్క కువైట్‌లో పనిచేసే ఇంట్లో పిల్లలు పారేస్తుంటే, అరచేతిలో పట్టే ఒక వీడియో గేమ్ తెచ్చి తమ్ముడికి ఇచ్చింది. దాంట్లో ఒకే ఒక్క ఆట. ఏదో ఇంగ్లీషు అంతరిక్షం సినిమాల సిరీస్ ఉందంట, దాని మీద చేసిన ఆట. మావాడు ఆ సినిమాలు చూడలేదు. స్క్రీన్ మీద వచ్చే ఇంగ్లీషు ముక్క అర్థం కాదు.

అయినా కథ మొత్తం వాడికి తెలుసు! ఎందుకంటే వాడే అల్లుకున్నాడు. ఆటలో హీరో వెనకాల ఒంటికాలితో ఈడ్చుకుంటూ వచ్చే చిన్న రోబో ఒకటి ఉంటుంది. వాడు దానికి కుంటోడు అని పేరు పెట్టాడు. అసలు హీరో కుంటోడే అన్నాడు. రోజూ అన్నం టైములో మా అందరికీ సీరియల్ లాగా చెప్పేవాడు. సెల్స్ వీక్ అయితే ఎండలో కాగిన బండ మీద పెట్టేవాడు. ఇంకో అరగంట ఆడొచ్చు.

తర్వాత ఆ సినిమాల్లో ఒకటి తెలుగు డబ్బింగ్ అయి కడపకు వచ్చింది. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా రెండు ఆటోల్లో ఇరుక్కుని పోయాం, కుంటోణ్ణి చూడ్డానికి.

పది నిమిషాల్లో కుంటోడు పేలిపోయాడు. హీరో తిరిగి కూడా చూడలేదు.

హాలంతా అంతరిక్షాన్ని చూస్తుంటే మా రెండు వరసలు ఇమ్మానుయేలును చూస్తున్నాయి. ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

వాడు తగ్గితేగా! ఇంటర్వెల్‌లో నిలబడి చెప్పాడు: "సినిమా తీసినోళ్ళు ఆట సరిగ్గా ఆడల్యాప్పా. శానా తప్పు తీసినారు."

ఆ మాట మీద ఏడాది ఏడిపించాం వాణ్ణి.

ఆ ఏడాది చివర లారీ ఎక్కిస్తుంటే బండ జారి నా కాలి మీద పడింది. నెలన్నర ఆసుపత్రి. మొదటి రోజు అందరూ వచ్చారు. రెండో వారానికి ఎవరూ లేరు. నేనేమీ తప్పు పట్టను, ఎవరి పనులు వాళ్ళవి.

ఇమ్మానుయేలు మాత్రం రోజూ వచ్చాడు. ఒళ్ళంతా బండల దుమ్ముతో, చేతిలో బన్ను, జేబులో ఆ గేమ్. స్క్రీన్‌లో లైటు ఉండదు కాబట్టి కిటికీ దగ్గర కూర్చుని ఆడేవాడు.

"ఇప్పుడు నాకు ఇద్దరు కుంటోళ్ళప్పా" అని నవ్వేవాడు.

అప్పుడే ఆఖరి స్టేజీ మొదటిసారి చూశాను. గ్రహం కూలిపోతుంటుంది. టైము అయిపోతుంటుంది. ఎదురుగా తప్పించుకుపోయే అంతరిక్ష ఓడ. నాలుగడుగులు వేస్తే గెలిచినట్టే. మావాడు ఓడ తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగాడు. కుంటోడి కోసం. టైము అయిపోయింది. ఆట పోయింది. మళ్ళీ మొదటి నుంచి.

రోజూ అదే. తలుపు దాకా పోవడం, వెనక్కి తిరగడం, ఓడిపోవడం.

"వాణ్ణి వదిలేసి ఎక్కెయ్యి రా, గెలుస్తావు" అన్నాను.

"సినిమాలో సంపినారు, సరే. ఈడ నా చేతిలో ఉండాడు గదప్పా. ఎట్ల ఇడ్సిపెడతా?"

వినండి మేనమామగారూ. మీ మేనల్లుడికి గెలవడం చేతకాక కాదు. గెలుపు నాలుగడుగుల్లో ఉంటే ప్రతిసారీ వద్దన్నాడు. నేను మంచం మీద పడి ఉండి, కళ్ళారా చూశాను. నా కోసం కూడా వాడు అట్లాగే వెనక్కి వచ్చాడు, తన మీద అందరికంటే గట్టిగా నవ్వినవాడి కోసం.

ఇందాక ఆ ఆట గురించి నెట్‌లో వెతికాను. ఎవరికీ పట్టలేదు. ఒకే ఒక్క రివ్యూ, నాలుగు లైన్లు, పదికి మూడు మార్కులు. ఆ మూడు కూడా దయతో వేసినట్టున్నాడు. వేసుకోనీ. ఆ రివ్యూ రాసినవాడు ఇమ్మానుయేలు ఆడగా చూడలేదు.

గేమ్ నా దగ్గరే ఉంది. అక్క ఫోన్‌లో నన్నే ఉంచుకోమంది. పొద్దున సెల్స్ ఎండలో పెట్టి, తంటాలు పడి ఆఖరి స్టేజీ దాకా పోయాను. ఓడ తలుపు కనిపించింది.

వెనక్కి తిరిగాను. ఓడిపోయాను.

రేపు మళ్ళీ ఆడతా.

శాంతిగా పడుకో రా ఇమ్మానుయేలూ, దుమ్ము లేని చోట గుండెనిండా ఊపిరి పీల్చుకో. కుంటోడు నా చేతిలో ఉన్నాడు.