బాతుకు బదులు చెప్పిన మామ్మగారు

ఇక్కడ గల్ఫ్ దేశంలో, అల్ కుసైస్‌లో మా పై ఫ్లాట్ మామ్మగారు మొన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. కబురు విని బిల్డింగంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయినా ఇది రాస్తుంటే సంతోషమే పొంగుతోంది, ఏం చెయ్యను! ఆవిడ చేసిన మేలు అలాంటిది. ఏసీలు బాగుచేసుకునేవాణ్ణి, తోచినట్టు రాస్తున్నాను.

లేకలేక, నా తల నెరిశాక పుట్టిన కూతురికి నత్తి. పిల్లలు నవ్వుతారని స్కూల్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే గాని నోరెత్తేది కాదు. ఈ పిల్ల నలుగురిలో ఎప్పటికైనా మాట్లాడుతుందా అన్నదే మా దిగులు.

సాయంత్రాలు మామ్మగారింట్లో టీవీ చూసేది. జపాను వాళ్ళ నవ్వుల బొమ్మల సీరియల్, ఒక తిక్క బాతు కథ. ఇక్కడ అరబ్బీ మాటలతో వచ్చేది. మామ్మగారు రాజమండ్రి నుంచి అప్పుడే కొత్తగా వచ్చారు. బాతు రెక్కలు కొట్టుకుంటూ "యల్లా! యల్లా!" అని అరిస్తే, తెలుగులో "ఎలా?" అని అడుగుతోందనుకున్నారు.

"ఎల్లా ఎల్లా అంటావేంటే ముద్దమొహమా! కాళ్ళున్నాయిగా, నడు!"

మా పిల్ల పడీపడీ నవ్వింది. ఆ ఊపులోనే, "ఎల్లా కాదు మామ్మా, యల్లా! పద అని!" అనేసింది. ఎక్కడా మాట తడబడలేదు! వాళ్ళ ఏసీ చూస్తూ నిచ్చెన మీదున్న నేను స్క్రూడ్రైవర్ జారవిడిచాను.

"అది పద అంటే నేనూ నడు అనేగా అన్నాను! మా ఇద్దరిదీ ఒకటే మాట," అన్నారు మామ్మగారు.

ఇక చూడండి! టీవీ గొంతు నొక్కేసి, ఆ బొమ్మలకు ఇద్దరూ తెలుగులో మాటలు వాయించేవారు. మా పిల్ల బాతు, మిగతా ఊరంతా మామ్మగారు. మాట ఆగితే, "తొందరేంటే? మాట నీది. ఎవరూ ఎత్తుకుపోరు," అనేవారు. డేరా బజార్లో ఆ బాతు బొమ్మల పుస్తకం దొరికితే తెచ్చిచ్చాను. జపాను అక్షరాలు ఎవరికి వచ్చు? బొమ్మబొమ్మకూ వాళ్ళే మాటలు కట్టుకున్నారు. మామ్మగారి అబ్బాయి ఆ బాతు వీడియో గేమ్ తెచ్చాడు. మామ్మగారు ఏ బటన్ నొక్కినా బాతు చెరువులో పడేది. "పోన్లే, స్నానం చేసింది," అనేవారు.

కిందటి నెల స్కూల్లో కథల పోటీకి మా పిల్ల తనంతట తానే పేరిచ్చింది! బాతు కథ చెప్పింది. ఇదివరకు దాన్ని చూసి నవ్విన పిల్లలు ఈసారి బాతును తలుచుకుని నవ్వారు. ముందు వరసలో మామ్మగారి పెదవులు కూడా కదులుతూనే ఉన్నాయి.

మామ్మగారి దేహాన్ని వాళ్ళబ్బాయి సొంతూరికి తీసుకెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో సాగనంపి మేము టాక్సీ ఎక్కాం. మా ముఖాలు చూసి పఠాన్ డ్రైవరు, "కౌన్ గుజర్ గయా, భాయ్?" అని పోయినవారెవరో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "మేరీ దాదీ," అని మా పిల్ల అందుకుంది. దారంతా హిందీలో మామ్మ కథ చెప్పింది. రెండుచోట్ల మాట ఆగింది. అది కంగారుపడలేదు, ఆగి మళ్ళీ అందుకుంది. ఇల్లు వచ్చేసింది. నేను తలుపు తీయబోయాను. డ్రైవరు మీటరూ ఇంజనూ ఆపేసి, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, మిగతా కథ వినడానికి కూర్చున్నాడు.

"ఫిర్ క్యా హువా, బేటీ?"