మా అత్త కట్టిన కోళ్లగూడు

పోయిన నెల ఒక పొద్దున మా పెరట్లో కోళ్లు గూట్లోంచే అరవడం మొదలుపెట్టాయి. పొద్దెక్కినా వాటిని ఎవరూ విడవలేదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అట్లా ఎప్పుడూ జరగలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి పోయి చూస్తే మా అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మా ఆయనను పిలవాలో, ఇరుగుపొరుగును కేకేయాలో తోచక, ముందు పెరట్లోకి పోయి కోళ్లను విడిచి వచ్చాను. ఏడుపు అప్పుడొచ్చింది.

చదివే మీకు ఆమె ఎవరో తెలియదు. జడ్చర్ల దగ్గర ఒక చిన్న ఊళ్లో, మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం నేసే ఇంట్లోకే వచ్చిన మనిషి. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెప్పినా ఆమె ఒప్పుకునేది కాదు. నాకేమో నోరెక్కువ. ఏడో తరగతి దాకా చదివానన్న పొగరు కూడా ఉండేది. నేను అరిచినప్పుడల్లా ఆమె నవ్వి, "అరిసినంక జర బువ్వ తిను పిల్లా, అరుసుటానికి బలం గావాలె" అనేది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది.

నేను వచ్చేనాటికి నైజాం రాజ్యం పోయి కొన్నేండ్లయింది. అప్పటికి మా పెరట్లో గూడు లేదు. రాత్రిళ్లు కోళ్ల మీద వెదురు గంప బోర్లించి, పైన ఒక రాయి పెట్టేవాళ్లు. ఒకసారి కుక్క ఆ రాయిని దొర్లించి పొదిగే పెట్టను ఎత్తుకుపోయింది. మర్నాడే అత్త చీర పైకి చెక్కి, మట్టిలో గడ్డి కలిపి తొక్కి, నడుమెత్తు గోడ పెట్టింది. పైన తాటికమ్మ కప్పింది. ముంగిస కింద నుంచి తవ్వి కోడిపిల్లలను తిని పోతే నేలకు బండలు పరిచింది. కమ్మల్లోంచి పాము దూరి గుడ్లు మింగితే, గ్యాసునూనె డబ్బాలు కోసి రేకు కప్పింది. ఎండాకాలం ఆ రేకు కింద కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటే, రేకు మీద మళ్లీ కమ్మ వేసి, గోడకు గాలి కంతలు పెట్టింది. ఒక్కోసారి ఒక్కో శత్రువు, ఒక్కో మరమ్మతు.

తలుపు మాత్రం మా మామ మగ్గం కర్రలతో చేసింది. ఆయన పోయాక ఆ మగ్గం మూలకు పడి ఉండేది. పనిముట్టును కోళ్లకు పెడతావా అని కులపోళ్లు గొణిగారు. "ఆయనున్నన్ని దినాలు నన్ను చూసుకున్నడు. ఇప్పుడు కోళ్లను చూసుకుంటడు తియ్యి" అన్నదామె. సాయంత్రం కోళ్లన్నీ ఎక్కాక తలుపు వేసి, గొళ్లెం పెట్టి, ఒకసారి గట్టిగా ఊపి చూసేది. వేశావు కదా, ఇంకా ఎందుకు ఊపడం అంటే, "ఏసిననని నాకు తెలుసు. పిల్లికి తెలువద్దా!" అనేది.

ఇదంతా ముచ్చటగా చెప్తున్నాను గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో ముచ్చట లేదు. నా మొదటి బిడ్డ పురుట్లోనే పోయింది. రెండో పిల్లకు ఏడాది నిండినా నిలబడలేదు. జ్వరం, విరేచనాలు, తగ్గడం, మళ్లీ రావడం. జడ్చర్ల దవాఖానకు బండిలో తీసుకుపోయి మందు తెచ్చేదాన్ని. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ తల వేలాడేసేది. ఈ పిల్ల కూడా పోతుందేమోనని నేను లోపల లోపల చస్తుండేదాన్ని. ఆ మాట పైకి అనడానికి భయమై, ప్రతిదానికీ అరుస్తుండేదాన్ని.

అత్త మా ఊరి ఎల్లమ్మ తల్లికి మొక్కింది. పిల్ల తన కాళ్ల మీద నిలబడితే శ్రావణంలో జాతరకు పుంజునిస్తానన్నది. ఉన్నవాటిలో బాగా ఎర్రనిదాన్ని ఏరి, దాని కాలికి పసుపు గుడ్డ కట్టింది. మొక్కిన కోడి అంటే మా దగ్గర మామూలు సంగతి కాదు. జాతర దాకా అది క్షేమంగా ఉండాలి. దానికి బదులు ఇంకొకటి ఇవ్వకూడదు. నడుమ దానికేమన్నా అయితే తల్లి ఆ మొక్కు ఒప్పుకోనట్టే, ఎవరి కోసం మొక్కామో వాళ్లకు కీడే. అందుకే ఆ ఎండాకాలమంతా అత్త ఆ గూటి చుట్టే తిరిగింది. కంతలకు అడ్డంగా పుల్లలు గుచ్చింది. తలుపుకు రెండో గొళ్లెం పెట్టింది.

నాకు ఈ మొక్కుల మీద నమ్మకం లేదు. పైగా ఆ పుంజుకు దోసిళ్లతో జొన్నలు పోస్తుంటే కడుపు రగిలిపోయింది.

"ఉన్న జొన్నలన్నీ దానికే పోస్తే పిల్లకు గట్క ఏడికెల్లి వస్తది?" అని అడిగాను.

"పిల్లదాంట్ల నేను ముట్టలేదు. నా గట్క జొన్నలే దానికి పెడ్తున్న" అన్నది.

అంటే తన వంతు జొన్న సంకటి మానేసి పూట పూటా ఆమె తాగేది అంబలి నీళ్లేనన్నమాట. అది విని నా మనసు కరిగిందని అబద్ధం చెప్పను. ఇంకా కోపమొచ్చింది. ఆ పుంజుకు కూడా నేనంటే పడేది కాదు. నా కాలి మెట్టెలు తళుక్కుమంటే చాలు, ఉరికొచ్చి పొడిచేది. నేను చీపురు విసిరేదాన్ని.

"మొక్కుకోడి మీద చీపురెత్తకు పిల్లా!"

"నా మెట్టెల జోలికి రావద్దని నీ ఎల్లమ్మకు చెప్పు మరి!"

అత్త ఒక చేత్తో చెంపలు వేసుకుంటూ, ఇంకో చేత్తో నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.

వానలు పట్టాయి. జాతర దగ్గరికొచ్చింది. అప్పుడే పిల్లకు జ్వరం మళ్లీ తిరగబెట్టింది. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలేది. తెల్లారి చూస్తే అత్త ఇంట్లో లేదు. "పెద్దమ్మోళ్ల ఊరికి పోతున్ననన్నది, పొద్దుగాల్నే పోయింది" అన్నాడు మా ఆయన. పిల్ల ఇట్లా ఉంటే చుట్టరికాలకు పోయే వేళా అని నేను ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను. మధ్యాహ్నానికి వచ్చింది. మోకాళ్ల దాకా బురద, నెత్తి మీద మూత కట్టిన గంప. ఇంట్లో కాలు పెట్టకుండా పక్కసందు నుంచి పెరట్లోకి పోయింది.

సాయంత్రం పిల్ల ఒళ్లు తుడవడానికి నీళ్ల కోసం నేను పెరట్లోకి వెళ్లాను. మేము గిన్నెలు తోమే నీళ్లు పారే వైపు, గూటి గోడకు అడుగున కొత్త మట్టి మెత్తి ఉంది. అక్కడ గోడ నానిందని, ఏదో తవ్విందని చూస్తేనే తెలుస్తోంది. అత్త అన్నిటికీ అడ్డం పెట్టింది గానీ మా గిన్నెల నీళ్లకు పెట్టలేదు. పక్కనే రాయికింద రెండు ఎర్ర ఈకలు అంటుకుని ఉన్నాయి. పుంజు మాత్రం ఎదురుగానే ఉంది. అదే ఎరుపు, అదే తోక. నేను కావాలనే రెండడుగులు ముందుకేశాను. అది పొడవడానికి రాలేదు. నన్ను చూసి బెదిరి గోడ మూలకు జరిగింది. దాని కాలిగుడ్డకు పసుపు ఇంకా తడిగానే ఉంది.

నమ్మకం లేదని అంత గొంతు చించుకున్న నాకే భయమేసింది, నీళ్ల సంగతి మరిచి ఆ గుడ్డనే చూశాను. మొక్కిన పుంజు పోయింది. లోపల పిల్ల మూలుగుతోంది.

"ఏం చూస్తున్నవ్ పిల్లా?" అని వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "పుంజు మంచిగనే ఉన్నది. పో, పిల్ల దగ్గర కూసో."

వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాను. నా భయం ఆ ముఖంలోని భయం ముందు ఎంత! నేను ఎల్లమ్మను నమ్మనిదాన్ని, ఆమె నమ్మింది. నమ్మిన మనిషి ఆ తల్లినే మోసం చేయడానికి పూనుకుంది, ఈ సంగతి తెలిస్తే నేను బతకనని. పాపమంతా తన నెత్తిన వేసుకుని, చేతికంటిన మట్టి కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"మంచిగనే ఉన్నదత్తా" అన్నాను.

పిల్లకు జ్వరం దిగింది. దవాఖాన మందుతో దిగిందో, ఎట్లా దిగిందో నేను చెప్పలేను. జాతర ఇంక రేపనగా, పిల్ల పాక్కుంటూ పెరట్లోకి పోయి, ఆ గూటి గోడ పట్టుకుని లేచి నిలబడింది. అత్త చూసి కేక పెట్టింది, తర్వాత గోడకు చేరగిలబడి చాలాసేపు ఏడ్చింది. సంతోషమనుకున్నారందరూ.

జాతర నాడు పుంజును కోశారు. ఇంట్లో కూర వండాం. కోడి కాలేయాన్ని మేము కార్జం అంటాం, అత్తకు ఆ ముక్కంటే ప్రాణం. ఆమె కంచంలో వేయబోతే చెయ్యడ్డం పెట్టింది. "పడ్తలేదు బిడ్డా. కడుపుల మంటైతాంది" అన్నది. ఆ తర్వాత ఎన్నడూ ఆమె కోడి తినలేదు, గుడ్డు కూడా ముట్టలేదు. కోళ్లను మాత్రం వదల్లేదు. ఏటేటా ఆ గూడు గట్టిపడుతూ వచ్చింది. మట్టిగోడ పోయి రాతిగోడ వచ్చింది, గిన్నెల నీళ్లు దూరంగా పోవడానికి కాలువ వచ్చింది. మనుషుల ఇల్లు కురుస్తుంటే కోళ్లకు బంగ్లా కడుతోందని ఊరంతా నవ్వేది. ఎందుకు కడుతోందో నాకొక్కదానికే తెలుసు. ఆమెకు చెప్పలేదు. చెబితే, నన్ను కాపాడానన్న ఆ ఒక్క నిమ్మళం కూడా పోతుందనిపించేది.

పోయే ముందు నాలుగు రోజులు నీరసపడ్డప్పుడు గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. నేను ఉడకబెట్టి తెస్తే తల తిప్పుకుంది. కోపం ఆపుకోలేక, "నీకు నీ పంతం ముఖ్యమా, పానం ముఖ్యమా?" అని అరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నన్ను గిట్లనే పోనియ్యి బిడ్డా. పిల్ల మంచిగున్నది గద" అన్నది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టడం మా ఆచారం. నేను కోడికూర వండాను, కార్జం ముక్కలు పైన పెట్టాను. "అమ్మ కోడి తినదు గదనే" అన్నాడు మా ఆయన. ఊరుకోమన్నాను. విస్తరి ముందు వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పాను: "అత్తా, ఆ పుంజు సంగతి నాకు ఆ దినమే తెలుసు. ఇగ ఎల్లమ్మకు నేను చెప్పుకుంట. నువ్వు తిను." కాకి ముట్టిందా అని అందరూ అడుగుతారు. ముట్టింది. కూర పెడితే కాకి రాక ఎక్కడికి పోతుంది!

ఇంటికొచ్చి అందరికీ వడ్డించి, నేను పచ్చిపులుసు పోసుకున్నాను.

"నువ్వు కూర ఏసుకోవేందే?" అన్నాడు మా ఆయన.

"పడ్తలేదు. కడుపుల మంటైతాంది."

"మా అమ్మ గూడ గిట్లనే అంటుండె" అన్నాడాయన.

నేను లేచి పెరట్లోకి పోయాను. పొద్దు గూకుతోంది. కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ గూట్లోకి ఎక్కుతున్నాయి. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న నా బిడ్డ, గూటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి దాని కళ్లు వాచాయి. నేను మామ మగ్గం కర్రల తలుపు వేశాను, రెండు గొళ్లేలూ పెట్టాను. పెట్టి, ఒకసారి గట్టిగా ఊపి చూశాను.